మెట్ల దగ్గర వెలుతురు

ఆ మెట్ల దగ్గర చీకటిగా ఉందని లైట్లమ్మ అనడం అది మూడోసారి. కరెంటు మేస్త్రి మెట్ల వంక చూశాడు, ఆవిడ వంక చూశాడు, మళ్లీ మెట్ల వంక చూశాడు. మెట్లు ఇస్త్రీ చేసిన పంచెలా తెల్లగా, మడత మడతా కనిపించేలా ఉన్నాయి.

“చీకటెక్కడుందమ్మా?”

“ఇదిగో, మలుపు తిరిగాక కింది సగం. మీకు కనబడట్లేదా?”

“నాకు చీమలు కూడా కనబడుతున్నాయి.”

“వేళాకోళం చాలు మేస్త్రి గారూ. రెయిలింగు కింద ఇంకో వరస లైట్లు పెట్టించండి.”

“ఇప్పటికే రెండు వరసలున్నాయమ్మా. ఇంకోటి పెడితే మూడూ ఒకే లైను మీద పడతాయి. ఒక్కొక్క వరసే వేసుకోవాలి, అన్నీ ఒక్కసారి వేశామంటే ట్రిప్ కొట్టి మొత్తం ఆరిపోతాయి. తర్వాత నన్ననొద్దు.”

“అనను. పెట్టండి.”

మేస్త్రి నెత్తి గోక్కుంటూ వెళ్లిపోయాడు. ఆవిడకి వినపడనంత దూరం వెళ్లాక తన మనుషులతో, “ఈవిడకి కళ్లు నెత్తికెక్కాయిరా, అందుకే కింద ఏముందో కనబడట్లేదు” అన్నాడు. వాళ్లు పగలబడి నవ్వారు. ఆ నవ్వు మెట్ల దాకా వినిపించింది కానీ, దేనికో ఆవిడకి తెలియలేదు. తెలిస్తే ఆ రోజే కథ అయిపోయేది.

లైట్లమ్మ అన్న పేరు ఆవిడకి పనివాళ్లు పెట్టింది. ఎదురుగా అమ్మా అనో మేడం అనో పిలిచేవారు, చాటున లైట్లమ్మ. ఆ చాటుమాట విననట్టు నటించేది కానీ లోపల ముచ్చటపడేది. ఊళ్లో పాత స్టేడియం ఒకటి బీటలు వారిన గ్యాలరీతో, నీళ్లు లేని ఈతకొలనుతో ఏళ్ల తరబడి పాడుబడి ఉంటే, దాన్ని కూల్చి కొత్తగా కడుతున్నారు. పైన ఆటల మైదానం, దాని పక్కన ఈతకొలను, నడిచేవాళ్లకి చుట్టూ బాట, మెట్లు దిగితే కింద కమ్యూనిటీ హాలు. పగలంతా ఎవరి పనుల్లో వాళ్లుండే ఊరు అక్కడికి రావలసింది సాయంత్రాలే. అంటే పొద్దు గూకాక ఆ ప్రాంగణం బతకడమా చావడమా అన్నది లైట్ల చేతిలో ఉంది. ఏ స్తంభం ఎక్కడ నిలబెట్టాలి, ఏ లైటు ఎంత వంచాలి, ఎక్కడ వెలుతురు పడాలి, ఎక్కడ పడకూడదు, ఇవన్నీ తేల్చడమే లైట్లమ్మ పని. ఆ పనిలో ఆవిడకి పేరుంది. కోపంలోనూ ఉంది.

ఆవిడకి ఒక పద్ధతి ఉంది. చీకటి నడక అంటుంది దాన్ని. పని పూర్తయి అప్పగించే సాయంత్రం, లైట్ల ప్లాను గీసిన మనిషే ముందు నడవాలి. చేతిలో టార్చి ఉండకూడదు, ఫోను ఉండకూడదు, రెయిలింగు ముట్టుకోకూడదు. మిగతావాళ్లంతా బాగా వెనక, వాళ్ల నీడలు ముందుకు పడనంత దూరంలో, నోరు మెదపకుండా రావాలి. నడిచే మనిషి కాలు ఎక్కడ తటపటాయిస్తే అక్కడ లైటు తప్పినట్టే. మళ్లీ చేసి, మళ్లీ నడిచి చూపించేదాకా అప్పగింత లేదు. “కాగితం మీద ఏ దారైనా వెలుగుతుంది. కాలికి తెలియాలి” అనేది. ఎవరూ పెట్టుకోమనని ఈ నియమం తనంతట తనే పెట్టుకుంది. రానురాను ఆ నడకే ఆవిడకి పేరు తెచ్చింది. కొత్తగా పని ఇచ్చేవాళ్లు లెక్కల సంగతి తర్వాత అడిగేవారు, నడిచి చూపిస్తారా అని ముందడిగేవారు.

ఈ పిచ్చి ఎందుకు పట్టుకుందో వాళ్లమ్మని చూస్తే తెలుస్తుంది. ఆ తల్లికి చిన్న వయసులోనే రేచీకటి వచ్చింది. ముందు సాయంత్రాలు పోయాయి, తర్వాత పక్కచూపు పోయింది, చివరికి పగలు కూడా పోయింది. సందెవేళ బజారుకెళ్లాలన్నా, బస్సెక్కాలన్నా కూతురి భుజం మీద చెయ్యి వేసుకుని నడిచేది. అప్పుడే ఆ పిల్ల అనుకుంది, మా అమ్మ ఎవరి భుజమూ పట్టుకోకుండా నడిచేంత వెలుతురు నేను పెడతానని. లైట్లు పెట్టే చదువూ, పనీ చేతికొచ్చేసరికి తల్లి కంటికి ఏ వెలుతురూ అక్కరలేకుండా పోయింది. అయినా ఆ పట్టుదల మాత్రం పోలేదు.

ఇంత తెలిసిన మనిషికి తన సంగతి తెలియలేదా అంటే, తెలియలేదనే చెప్పాలి. తెలుసుకోలేదు అన్నా తప్పు లేదు. ఒక ఏడాదిగా ఆవిడ ఎక్కడ తడబడినా ఆ తప్పు అక్కడి లైట్లదే. సినిమా హాల్లో మెట్టు తప్పితే, హాలు వాళ్లకి మెట్ల అంచుల లైట్లు పెట్టడం చేతకాదని మేనేజరుతో పోట్లాడి వచ్చింది. హోటల్లో కుర్చీకి తట్టుకుంటే, దీపాలు అలంకారానికి పెట్టారు కానీ మనుషులకి పెట్టలేదంది. సాయంత్రాలు కారు నడపడం మానేసి, ఎదుటి బండ్ల హెడ్‌లైట్లు హద్దు మీరిపోయాయని, చట్టం తేవాలని ఉపన్యాసం ఇచ్చింది. మామూలు మనిషి అయితే ఈపాటికి కళ్ల డాక్టరు దగ్గరికి పరిగెత్తేవాడు. లైట్ల గురించి అంత తెలియడమే ఆవిడ కొంప ముంచింది. మైదానంలో అయితే ఏ ఇబ్బందీ లేదు. అక్కడి స్తంభాల మీది ఫ్లడ్‌లైట్లు వేస్తే పట్టపగలే. మైదానం మధ్యలో నిలబడి వాకీటాకీలో ఎడమకి, ఇంకాస్త ఎడమకి, చాలు అని అరుస్తూ ఒక్కొక్క దీపాన్నీ చక్కగా గురి పెట్టించింది. చిక్కల్లా బాటల దగ్గర, మెట్ల దగ్గర, వెలుతురు మెత్తగా ఉండాల్సిన చోట.

మూడో వరస పెట్టిన వారానికి చీఫ్ ఇంజినీరు పిలిపించాడు. మర్యాదస్థుడు, పాపం, మధ్యలో నలిగిపోయే ఉద్యోగం.

“మేడం, ఆ మెట్ల పక్కన ఇళ్లవాళ్లు నా ప్రాణం తీస్తున్నారు. మెట్ల మీది వెలుతురు లేచి వాళ్ల గదుల్లో పడుతోందట. ఒకావిడ పొద్దున్నే వచ్చి కూచుంది. వాళ్లింట్లో పసిపిల్లకి రాత్రీ పగలూ తేడా తెలియక నిద్రే పోవట్లేదట. అందరూ దళసరి తెరలు కొనుక్కుని కిటికీలు మూసేసుకున్నారు.”

“మెట్ల మీద అంత లేదండీ. అసలు చాలట్లేదని నేను చూస్తుంటే.”

“చాలట్లేదా?” చీఫ్ ఇంజినీరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. “నాకైతే కళ్లు జిగేల్‌మంటున్నాయి. ఏమో, మీకు తెలిసినంత నాకు తెలియదు. ఒకసారి కొలిచి చెప్పండి, వాళ్లకి చూపిస్తాను.”

“కొలుస్తాను. మీకే చూపిస్తాను” అని విసురుగా లేచి వచ్చేసింది.

ఆ సాయంత్రం మసక పడగానే వెలుతురు కొలిచే మీటరు పట్టుకుని ఒక్కతే మెట్ల దగ్గరికి వెళ్లింది. మీటరుకి బుల్లి తెర ఒకటి, అంకెలు దానంతట అవే వెలుగుతాయి. మలుపు కింది మెట్టు మీద, తనకి కాటుక పూసినట్టు కనిపిస్తున్న చోట దాన్ని పెట్టింది. తాను వేసిన లెక్కకి మూడింతలు చూపించింది. బ్యాటరీ పోయిందనుకుంది. సంచిలోంచి ఇంకో మీటరు తీసింది. అది కూడా అదే అంకె చూపించింది. వంగి మీటరు కన్ను మీద అరచెయ్యి అడ్డం పెట్టింది. అంకె పడిపోయింది. చెయ్యి తీసింది. అంకె లేచింది. మళ్లీ పెట్టింది, మళ్లీ తీసింది. మీటరుకి వెలుతురు వస్తోంది, పోతోంది. ఆవిడ కంటికి మాత్రం ఆ మెట్టు చెయ్యి పెట్టినా తీసినా ఒకేలా ఉంది, నల్లగా.

మెట్టు మీదే కూలబడిపోయింది. గోడ అవతల ఈతకొలను మోటారు ఒకటే రొద. ఆవిడ చెయ్యి ఇంకా మీటరు మీదే ఉంది, మూస్తూ తీస్తూ. ఎన్ని చోట్ల ఎంతమందిని చెడామడా తిట్టిందో, ఆ సినిమా హాలు మేనేజరుతో సహా అందరూ వరసగా గుర్తొచ్చారు. కానీ సిగ్గు పడడానికి కూడా తీరిక లేనంత భయం వేసింది. అమ్మకి ఎలా మొదలైందో ఆవిడకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. తర్వాత ఏమవుతుందో కూడా తెలుసు. ఒక్కొక్క మెట్టూ తెలుసు.

ఇంటికెళ్లి బట్టలు మార్చుకుని, హాల్లో లైటు తీసి వంటింట్లోకి నడిచింది. తల్లి బల్ల ముందు కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. చెయ్యి ఆగింది.

“ఎన్నాళ్లనుంచే?” అంది.

“ఏది?”

“ముందు కాలు తడిమి, తర్వాత బరువు వేస్తున్నావు. హాల్లో లైటు తీసేశాక. ఆ చప్పుడు నేనెరగనా తల్లీ? అది నా నడకే.”

లైట్లమ్మ కుర్చీ లాక్కుని కూర్చుని, తల్లి ఒళ్లో తల పెట్టేసింది. ఒలిచిన గింజలు కొన్ని కింద పడి దొర్లాయి. “నాకొద్దమ్మా ఇది. నాకొద్దు” అని వెక్కి వెక్కి ఏడ్చింది. తల్లి వద్దనలేదు, ఊరుకో అనలేదు. కూతురి జుట్టులో వేళ్లు పోనిచ్చి చాలాసేపు అలాగే కూర్చుంది.

“నేనిచ్చిందే కదా” అంది చివరికి.

“అలా అనకు.”

“అనకపోతే పోతుందా? పద, రేపు డాక్టరు దగ్గరికి వెళ్దాం.”

“నీకేం చేశాడు డాక్టరు? అప్పగింత అవనీ, అప్పుడు చూద్దాం. అమ్మా, ఈ పని పోతే నాకింకేం రాదు. చీకట్లో చూడలేని మనిషి లైట్లు పెడుతుందంటే ఎవరు రానిస్తారు నన్ను? నవ్విపోతారు.”

“నవ్వితే నవ్వనీ. ఆ నడకకి ఇంకెవర్నైనా పంపు. పడి కాలో చెయ్యో విరగ్గొట్టుకుంటావు.” మళ్లీ తల్లే, “చిన్నప్పుడు నీ భుజం మీద చెయ్యేసి నడిచేదాన్ని, గుర్తుందా?” అంది.

“ఎందుకుండదు?”

“బరువుగా ఉండేదా?”

“లేదు. చెయ్యి ఉందో లేదో కూడా తెలిసేది కాదు.”

“తెలియకూడదనే. పసిదానివి, నీ మీద బరువెలా వేస్తాను? ఆనీ ఆనకుండా గాల్లో పట్టుకునేదాన్ని. ఇంటికొచ్చేసరికి నా భుజం పీకేసేది.”

ఈ మాట తల్లి ఏనాడూ చెప్పలేదు. లైట్లమ్మ ముఖం తుడుచుకుని కింద పడ్డ గింజలు ఏరడానికి వంగింది. బల్ల కింద ఒక్కటీ కనబడలేదు. తల్లే కాలితో తడిమి ఒక్కొక్కటీ ముందుకు తోసింది.

మర్నాడు పొద్దున్నే చీఫ్ ఇంజినీరు దగ్గరికి వెళ్లింది. ఈసారి నడక మా అసిస్టెంటు నడుస్తుంది, తను కూడా నేర్చుకోవాలి కదా అని, ముందు రాత్రంతా తయారు చేసుకున్న మాట మామూలుగా అనేసింది. ఆయన అదిరిపడ్డాడు.

“అమ్మో, ఎంతమాట! ఊరంతా చెప్పేశాం మేడం. కొత్తగా కట్టే ఆసుపత్రి వాళ్లు మిమ్మల్ని చూడ్డానికే వస్తున్నారు. ఆ నడక చూసి, నచ్చితే అక్కడికక్కడే మీకు పని అప్పగిస్తామన్నారు. మీరు నడవకపోతే ఇందులో ఏదో లోపం ఉందనుకోరూ?”

“లోపమేం లేదు.”

“మరింకేం? నడవండి. ఎప్పుడూ నడిచేవారేగా” అని నవ్వాడు.

ఆవిడా నవ్వింది. ఆ నవ్వుతో ముఖం నొప్పెట్టింది. మెట్ల దగ్గర రెండు వరసలు తీయించేద్దామని నోటిదాకా వచ్చింది, ఆ పసిపిల్ల సంగతి గుర్తొచ్చి. కానీ తీయమంటే మేస్త్రి ఎందుకని అడుగుతాడు. మూడుసార్లు చీకటని గొడవ పెట్టి, ఇప్పుడు ఎక్కువైందంటే ఏం చెబుతుంది? అప్పగింత అవనీ అనుకుంది. అన్నిటికీ ఆ ఒక్క మాటే అడ్డం పెట్టుకుంది. కొలిచిన అంకె మాత్రం చీఫ్ ఇంజినీరుకి చెప్పలేదు. ఆయనా హడావుడిలో అడగలేదు.

ఇక మిగిలింది ఒకటే దారి. కంటికి తెలియనిది కాలికి నేర్పించాలి.

మధ్యాహ్నాలు పనివాళ్లు భోజనాలకి పోయాక, పల్చటి చెప్పులు వేసుకుని గేటు దగ్గర నిలబడేది. కళ్లు మూసుకుని నడిచేది. ముందు నున్నటి పలకలు. తర్వాత కాలి కింద కరకరలాడే గులకరాళ్ల పట్టీ. మైదానం పక్కన కాలవ మీద ఇనప జాలీ, దాని మీద అడుగు వేస్తే ఖంగుమంటుంది, అక్కడ కొద్దిగా కుడికి తిరగాలి. ముక్కుకి క్లోరిన్ వాసన తగిలిందంటే ఈతకొలను వచ్చినట్టు, అక్కణ్ణుంచి నేల వాలు. బుడిపెల పలకలు కాలికి గుచ్చుకున్నాయంటే మెట్లు మొదలు. పై సగం, మలుపు, కింది సగం. చివర కాలి కింద చెక్క పలికితే హాలు వసారా. అక్కడ కళ్లు తెరిచి, గబగబా ఎక్కి వచ్చి, గేటు దగ్గర మళ్లీ మొదలు. మోకాళ్లు దోక్కుపోయాయి. మడమ బెణికింది. ఒళ్లంతా కళ్లు చేసుకోవడం అంటారు చూడండి, ఆవిడ నిజంగానే చేసుకుంది. అరికాళ్లతో చూసింది, ముక్కుతో చూసింది, చెంపకి తగిలే గాలితో చూసింది.

ఒకనాడు కరెంటు మేస్త్రి పెందలాడే తిని వచ్చి, కళ్లు మూసుకుని మెట్లు దిగుతున్న ఆవిడని చూశాడు.

“ఏంటమ్మా, పగలే కలలు కంటున్నారా?”

ఆవిడ ఉలిక్కిపడింది. “దారి ఎలా ఉందో చూసుకుంటున్నాను.”

“కళ్లు మూసుకునా?” అన్నాడు. ఇంకేదో అనబోయి, ఆవిడ బెణికిన మడమ వంక చూసి ఊరుకున్నాడు. ఇంత పట్టింపు ఉన్న మనిషిని కళ్లు నెత్తికెక్కాయని ఎగతాళి చేశానే అని లోపల బాధపడ్డాడు కూడా. ఆ పూట తన మనుషులెవరో లైట్లమ్మ మీద జోకు వేస్తే కసిరి కొట్టాడు.

అప్పగింత సాయంత్రం వచ్చింది. మైదానంలో ఫ్లడ్‌లైట్లు వెలిగించగానే జనం హోరెత్తారు. పచ్చిక మీద ఆటగాళ్లకి నీడ కూడా సరిగ్గా పడట్లేదు, అంత సమంగా ఉంది వెలుతురు. ఆసుపత్రి నుంచి వచ్చినవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని తలలూపారు. లైట్లమ్మ గేటు దగ్గర నిలబడి ఉంది. వెనక చీఫ్ ఇంజినీరు నియమాలన్నీ అందరికీ చెప్పాడు, ఫోన్లు జేబుల్లో పెట్టించాడు. ముచ్చట కోసం, ఆవిడకీ మేస్త్రికీ చెప్పకుండా, ఆయన ఇంకోటి కూడా ఏర్పాటు చేశాడు. మేడం ఈతకొలను దగ్గరికి రాగానే మెట్ల లైట్లన్నీ ఒక్కసారిగా వెలగాలని, స్విచ్చి దగ్గర మనిషిని పెట్టాడు.

నడక మొదలైంది. నున్నటి పలకలు. గులకరాళ్లు. బాట పక్కన పొట్టి స్తంభాల దీపాలు ఆవిడకి మిణుగురుల్లా ఆనుతున్నాయి, వాటి కింద బాట మాత్రం లేదు. అయినా అడుగు తడబడలేదు. జాలీ ఖంగుమంది, కుడికి తిరిగింది. ఎప్పటిలా మాట్లాడుతూ నడిచింది, వెనకవాళ్లు మాట్లాడకూడదు కానీ ఆవిడ మాట్లాడవచ్చు. స్తంభాలు పొట్టిగా ఎందుకు పెట్టారో, మనిషి ముఖం మీద వెలుతురు ఎలా పడాలో చెప్పింది. క్లోరిన్ వాసన వచ్చింది. నేల వాలింది. ఈతకొలను గోడ వెనక పెట్టెలో ‘టక్’మని చిన్న చప్పుడైంది. మోటారు అనుకుంది. గోడ చాటుకి రాగానే మైదానం వెలుతురు వెనకబడిపోయింది. బుడిపెలు అరికాలికి గుచ్చుకున్నాయి.

అమ్మయ్య, ఇక ఇదొక్కటే, అనుకుని మొదటి మెట్టు దిగింది.

“ఇక్కడ చూడండి. దీపం ఎక్కడుందో కనబడదు. రెయిలింగు కింద దాచాం. వెలుతురు ఒక్కటే కనబడుతుంది. ఏ మెట్టుకా మెట్టు అంచు విడిగా తెలుస్తుంది. చూపు తక్కువైన పెద్దవాళ్లు కూడా ఎవరి సాయమూ లేకుండా దిగిపోవచ్చు.” మలుపు వచ్చింది. తిరిగింది. కింది సగం కూడా దిగింది. ఇన్నాళ్ల భయం ఒక్కసారిగా వదిలి, ఒళ్లు తేలికైంది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. హాలు వసారా మీద కాలు పెట్టేముందు ఆగి, వెనక్కి తిరిగి, నవ్వుతూ అంది. “నిజం చెప్పాలంటే ఈ కింది సగం మొదట్లో నాకు నచ్చలేదు. మేస్త్రి గారిని చాలా ఏడిపించాను. ఇప్పుడు చూడండి, ఎంత నిండుగా ఉందో వెలుతురు!”

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఎవరి అడుగూ వినిపించలేదు.

“ఏంటి, ఎవరూ రావట్లేదే?”

పైనుంచి ఎవరో గుసగుసలాడారు. తర్వాత చీఫ్ ఇంజినీరు గొంతు, మెల్లగా, దారి తప్పినవాడిలా వచ్చింది. “మేడం, మీరెక్కడున్నారు? మాకు కనబడట్లేదు.”

ఆవిడకి అర్థం కాలేదు. వేళాకోళమేమో అనుకుంది.

“లైను ట్రిప్ కొట్టేసిందమ్మా” అన్నాడు మేస్త్రి. “స్విచ్చి వెయ్యగానే పోయింది. మెట్ల మీద ఒక్క లైటు కూడా లేదు. పక్క ఇళ్ల కిటికీలు కూడా మూసున్నాయి. చిమ్మచీకటి. అలా ఎలా దిగిపోయారు?”

ఆ చీకట్లో, ఏ వెలుతురూ లేని చోట నిలబడి తను ఏం మాట్లాడిందో ఒక్కొక్క మాటా తిరిగి చెవిన పడింది. పైన ఉన్నవాళ్లకి కూడా అర్థమవుతోందని ఆ నిశ్శబ్దమే చెబుతోంది. ఎవరో జేబులోంచి ఫోను తీసి దాని లైటు వేశారు. అది సూటిగా ఆవిడ కళ్లల్లో గుచ్చుకుంది. చెయ్యి అడ్డం పెట్టుకుంది.

“ఎవరది, ఆపండి ముందు!” అని మేస్త్రి అరిచాడు. లైటు ఆరిపోయింది.

“మమ్మల్ని పరీక్షిస్తున్నారా మేడం?” అన్నాడు చీఫ్ ఇంజినీరు. ఆ గొంతులో ఆశ ఉంది. అవునంటే నమ్మడానికి ఆయన సిద్ధంగా ఉన్నాడు. ఆసుపత్రి వాళ్లు కూడా నమ్ముతారు. ఎంత ధైర్యం, చీకట్లో కూడా నడవగల బాట అని రేపు ఊరంతా చెప్పుకుంటారు. అవునండీ అని ఒక్క మాట చాలు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. నవ్వుతూ అంటూ మెట్లెక్కి వాళ్ల దగ్గరికి వెళ్లిపోవాలి, అంతే.

కాలు ఎత్తి ముందుకు వేసింది. మెట్టు ఉండాల్సిన చోట లేదు. ఇంకాస్త పక్కకి వేసింది. గోడ తగిలింది. ఇన్ని మధ్యాహ్నాలు దిగడమే నేర్చుకుంది కానీ ఎక్కడం నేర్చుకోలేదు. ఎక్కేటప్పుడల్లా కళ్లు తెరుచుకునే ఎక్కింది. ఇప్పుడు ఇటు తిరిగి నిలబడితే అరికాళ్లకి ఏమీ గుర్తు లేదు. రెండు చేతులూ ముందుకు చాపింది. గాలి తప్ప ఏమీ లేదు. పైన అంతమంది ఉన్నారు, ఎటు ఉన్నారో తెలియదు. ఇదేనా అమ్మా, ఇన్నేళ్లు నువ్వు ఉన్న చోటు ఇదేనా అనుకుంది.

“మేస్త్రి గారూ” అని పిలిచింది. “నాకు కనబడదు.”

పైన ఎవరి చెప్పో మెట్టు మీద రాసుకుంది.

“లైటున్నా కనబడదు. మీరు పెట్టినవన్నీ సరిగానే ఉన్నాయి. మొదటి వరసే చాలు. నాకే కనబడలేదు.”

చీకట్లో ఎవరో మెట్లు దిగుతున్న చప్పుడైంది. ముందు కాలు తడిమి, తర్వాత బరువు వేసి, ఒక్కొక్క మెట్టే. అది మేస్త్రి నడక అని చివరిదాకా ఆవిడ పోల్చుకోలేదు. దగ్గరికొచ్చి ఆయాసపడుతూ నిలబడ్డాడు.

“అందుకా అమ్మా, చీకటి చీకటి అని అంతలా కొట్టుకున్నారు?” అన్నాడు. “నాకొక్క మాట చెప్పాల్సింది కదా.”

ఆవిడ తలూపింది. అది అతనికి కనబడదని గుర్తు రాలేదు.

“లైను మళ్లీ వేయడానికి మనిషిని పంపాను. ఫోను లైటు వేస్తే మళ్లీ మీ కళ్లల్లోనే కొడుతుంది. వచ్చేదాకా ఇక్కడెందుకు, పైకి పోదాం పదండి. నా భుజం మీద చెయ్యి వెయ్యండి.”

చెయ్యి వేసింది. ఇద్దరూ ఎక్కడం మొదలుపెట్టారు. అతను ముందు, ఆవిడ వెనక. చెయ్యి ఆనీ ఆనకుండా, వేళ్ల చివర్లు చొక్కాకి తగిలీ తగలకుండా గాల్లో పట్టుకుంది. మలుపు దగ్గరికి వచ్చేసరికి భుజం పీకడం మొదలైంది. మేస్త్రి ఆగాడు.

“అమ్మా, వెనక ఉన్నారా? చెయ్యి ఉందో లేదో తెలియట్లేదు నాకు. కాస్త బరువు వెయ్యండి, ఫరవాలేదు.”

ఆవిడ బరువు వేసింది.